మొదటి పేజీలో మొహం

సైటమ్మ గదికి వెళ్లాలంటే జిప్పులు మార్చే దుకాణం పక్కనున్న ఇనప మెట్లెక్కాలి. మెట్ల మొదట్లో గోడకి ఆవిడ ఒక బోర్డు పెట్టించుకుంది, "వెబ్‌సైట్లు - పై అంతస్తు" అని. కొన్నాళ్లకి కరెంటువాళ్లు వచ్చి, ఊళ్లో ఇంకెక్కడా చోటు లేనట్టు, సరిగ్గా "వెబ్" అన్న మాట మీదే మీటరు పెట్టె బిగించి పోయారు. అప్పట్నుంచి ఎవరో ఒకరు రొప్పుకుంటూ మెట్లెక్కి వచ్చి, "సైట్లున్నాయటగా, కార్నర్ బిట్లేమైనా మిగిలాయా?" అని అడగడం మొదలైంది. మొదట్లో ఆవిడ కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఇక్కడ అమ్మేది స్థలాలు కాదు, ఫోన్లో కనపడే పేజీలు అని వివరంగా చెప్పేది. ఓపిక తగ్గాక, తెర మీంచి తల తిప్పకుండానే, "అయిపోయాయండీ" అనేసేది. వాళ్లు కూడా, "నిన్ననే రావాల్సింది" అనుకుంటూ దిగిపోయేవారు. సైటమ్మ అన్న పేరు కింద జిప్పులతను పెట్టిందే. అసలు పేరుతో పిలిచేది ఇంట్లో భర్త ఒక్కడే.

ఆవిడకి యాభై దగ్గర పడుతున్నాయి. అంతకుముందు ఒక పత్రికలో చిన్న ప్రకటనల విభాగంలో పనిచేసేది. ఇల్లు అద్దెకివ్వబడును, కుక్క తప్పిపోయినది, పాత కుట్టుమిషను అమ్మబడును, ఇలాంటివన్నీ అంగుళం జాగాలో ఇరికించడం ఆవిడ పని. పత్రిక మూతపడింది. ఆ వయసులో కొత్త పనెవరిస్తారని కొన్నాళ్లు ఇంట్లో కూర్చుని, తర్వాత తనకన్నా సగం వయసు పిల్లల మధ్య కూర్చుని వెబ్‌సైట్లు కట్టడం నేర్చుకుంది. పెద్ద కంపెనీలు ఆవిడ దగ్గరికి రావు. వచ్చేవాళ్లంతా తాళాలు చేసేవాళ్లు, పళ్లు కట్టేవాళ్లు, లిఫ్టులు బాగుచేసేవాళ్లు, ట్యూషన్లు చెప్పుకునేవాళ్లు. వీళ్లతో పని కష్టం కాదు, మాట కష్టం. ఒకే మాట మనిషి మారినప్పుడల్లా మళ్లీ మొదట్నుంచి చెప్పాలి.

ఒకసారి పరుపుల దుకాణం షావుకారు వచ్చాడు. మొదటి పేజీ నిండా తన ఫోటో ఉండాలన్నాడు. కింద అక్షరాలు రైలులా పరిగెత్తాలన్నాడు. పైన ఒక పావురం ఎగరాలన్నాడు.

"పావురం ఎందుకండీ?" అంది సైటమ్మ.

"మెత్తగా ఉంటుంది కదా, పరుపులాగ."

"మీ దుకాణానికొచ్చినవాళ్లు మొదట ఏమడుగుతారు?"

"ఇంటికి తెచ్చిస్తారా, పాతది పట్టుకెళతారా అని."

"అది ఇందులో ఎక్కడుంది?"

షావుకారు తను రాసుకొచ్చిన కాగితం తిరగేసి మరగేసి చూసుకున్నాడు. ఎక్కడా లేదు. "అయితే నా ఫోటో కాస్త కిందకి జరుపుదామా?" అన్నాడు నీళ్లు నములుతూ.

"జరుపుదాం. బాగా కిందకి జరుపుదాం."

ఆ పూటకి గెలిచినట్టే. కానీ మర్నాడు ఇంకొకరొస్తారు, ఇంకో పావురం తెస్తారు. సాయంత్రమయ్యేసరికి ఆవిడకి మెడ పట్టేసేది. కళ్లలో ఇసక పోసినట్టుండేది. ఇంటికెళ్లి భర్తతో, "గోడకి చెప్పినా ఈపాటికి పేజీ కట్టడం నేర్చుకునుండేది" అనేది. అతను కొరియరు గోదాములో పెట్టెలు సర్దే మనిషి. "గోడలు ఫీజివ్వవుగా" అని కంచం ముందుకు జరిపేవాడు.

అలాంటి రోజుల్లోనే నర్సమ్మ మెట్లెక్కి వచ్చింది.

నర్సమ్మ పెద్దాసుపత్రిలో పనిచేసి రిటైరైన మనిషి. మోకాళ్లు పట్టుకుని ఆగి ఆగి ఎక్కింది. ఎక్కగానే, "స్థలాలకోసం రాలేదమ్మా, ముందే చెబుతున్నా" అంది. సైటమ్మకి ఆ మాటతోనే ఆవిడ నచ్చింది.

మంచం పట్టినవాళ్ల కోసం నర్సమ్మావాళ్లు నడిపే సేవా సంఘం ఒకటుంది. కొంతమంది ఆడవాళ్లు, ఒకరిద్దరు మగవాళ్లు ఇంటింటికీ వెళ్లి, లేవలేనివాళ్లకి ఒళ్లు తుడుస్తారు, పక్క మారుస్తారు, పుళ్లు పడకుండా ఎలా చూసుకోవాలో ఇంట్లోవాళ్లకి నేర్పిస్తారు. గాలి పరుపులు, చక్రాల కుర్చీలు వాడుకోమని ఇచ్చి, పనయ్యాక వెనక్కి తెచ్చుకుంటారు.

"మాకు వెబ్‌సైటు ఉందమ్మా. లేకేం. అందులో మేం చేసే పని ఒక్కటి తప్ప మిగతావన్నీ ఉన్నాయి" అంది నర్సమ్మ.

సైటమ్మ తెరిచి చూసింది. రిబ్బను కత్తిరిస్తున్నవాళ్ల ఫోటోలు. పూలగుత్తి ఇస్తున్నవాళ్లు, పుచ్చుకుంటున్నవాళ్లు. అధ్యక్షుడి సందేశం, ఉపాధ్యక్షుడి సందేశం, సందేశాలిచ్చినందుకు కృతజ్ఞతలు. అట్టడుగున చీమంత అక్షరాల్లో ఒక ఫోన్ నంబరు. చేస్తే ఎవరో రంగుల కొట్టాయన ఎత్తాడు. ఆ నంబరు ఎప్పుడో చేతులు మారిందట. "రోజూ ఎవరో ఒకరు ఏడుస్తూ చేస్తారండీ, ఏం చెప్పాలో తెలీక మా కొట్టు అడ్రసు చెబుతున్నా" అన్నాడు పాపం.

సంఘానికి పెద్ద దిక్కు కార్యదర్శి గారు. ఆఫీసులో పెద్ద హోదాలో ఉండి దిగిపోయిన మనిషి. ఇస్త్రీ మడత నలగని చొక్కా వేసుకుని, చెప్పదల్చుకున్నది ముందే మనసులో వరుసగా పేర్చుకుని మాట్లాడతాడు. రిబ్బను ఫోటోలంటే మోజు ఉందిగానీ, మనిషి చెడ్డవాడు కాదు. గాలి పరుపుల కోసం, మందుల కోసం గడప గడపకీ కాళ్లరిగేలా తిరిగేది ఆయనే. ఆయన భార్య చాలాకాలం మంచంలో ఉండి పోయిందని, ఆ తర్వాతే సంఘం పెట్టాడని నర్సమ్మ చెప్పింది. ఆయన మాత్రం ఆ సంగతి ఎవరి దగ్గరా ఎత్తడు.

పని చూడకుండా పేజీ కట్టడం సైటమ్మకి అలవాటు లేదు. ఒకరోజు పొద్దున్నే నర్సమ్మతో కలిసి ఒక ఇంటికి వెళ్లింది. ఒకప్పుడు సిటీ బస్సు నడిపిన డ్రైవరు గారి ఇల్లది. పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. మాట ముద్దముద్దగా వస్తుంది. రెండు గదుల ఇంట్లో ముందు గదంతా మంచమే. కిటికీ చువ్వలకి ఆరేసిన తువాళ్లు, తలగడ పక్కన మందుల డబ్బా, గోడవారన మడిచిపెట్టిన రబ్బరు షీట్లు. గదిలో డెట్టాలు వాసన, దాని కింద ఇంకో వాసన.

ఇంట్లో ఉండేది ఆయనా, కూతురూ. కూతురు రెడీమేడ్ చొక్కాల వర్క్‌షాపులో కాలర్లు కుడుతుంది. పొద్దున తండ్రి పనులన్నీ చేసి, మధ్యాహ్నానికి అన్నం కలిపి పెట్టి, చూస్తుండమని పక్కింటి పిన్నిగారికి చెప్పి పరిగెడుతుంది. వీళ్లు వెళ్లేసరికి ఆమె ఒక చేత్తో జడ వేసుకుంటూ ఇంకో చేత్తో తండ్రికి టీ తాగిస్తోంది.

నర్సమ్మ డ్రైవరు గారిని పక్కకి తిప్పి, వీపు తుడిచి, పౌడరు అద్ది, వెల్లకిలా పడుకోబెట్టి తల దువ్వింది. కిటికీలోంచి ఎండ ఆయన మొహం మీద పడింది. ఆయన కళ్లు తెరిచి నర్సమ్మ కేసి చూస్తున్నాడు. ఆ చూపులో ఏదో ఉంది. సైటమ్మ ఫోను తీసి, "ఒక ఫోటో తీసుకోమంటారా అమ్మాయ్? సంఘం పేజీలో పెట్టడానికి" అని కూతుర్ని అడిగింది.

"తీసుకోండక్కా, మంచి పనికేగా" అంది ఆమె చెప్పులేసుకుంటూ. అప్పటికే బస్సు టైమయిపోయింది.

పాత పేజీలన్నీ తీసేసి సైటమ్మ కొత్తగా కట్టింది. తెరవగానే డ్రైవరు గారి మొహం, ఆయన తల మీద నర్సమ్మ చెయ్యి. కింద ఒకే ఒక్క మాట: "మీ ఇంటికొచ్చి సాయం చేస్తాం." దాని కింద పనిచేసే ఫోన్ నంబరు, బొటనవేలికి అందేంత పెద్దగా. సాయం కావాలంటే ఇటు, సాయం చేయాలంటే అటు, అంతే. కార్యదర్శి గారు ముందు మొహం చిట్లించాడు. రిబ్బన్లు ఏవన్నాడు. "ఉన్నాయండీ, లోపలి పేజీలో భద్రంగా ఉన్నాయి" అంది సైటమ్మ. అంటే ఎవరూ చూడని చోట అని ఆయనకి ఆలస్యంగా అర్థమైంది.

కానీ ఫోన్లు మోగడం మొదలయ్యాక ఆయన మొహం విప్పారింది. ఆ ఫోటో చేతులు మారి మారి ఎక్కడెక్కడికో పోయింది. ఒక స్కూలు పిల్లలంతా కలిసి చక్రాల కుర్చీలు కొనిచ్చారు. ఒక టైలర్ల సంఘం దుప్పట్లు కుట్టిచ్చింది. ఆదివారాలు మేమూ వస్తామని కొత్తవాళ్లు పేర్లిచ్చారు. కార్యదర్శి గారు రోజూ ఫోన్ చేసి, "అమ్మా, ఆ ఫోటో మాట్లాడుతోందమ్మా" అనేవాడు. ఏళ్ల తరబడి పళ్ల సెట్లకీ పరుపులకీ పేజీలు కట్టిన సైటమ్మకి, తన పనివల్ల ఒక మనిషి వీపు కింద మెత్తటి పరుపు పడిందంటే మొదట్లో నమ్మకం కుదరలేదు. ఆ కాసిన్ని రోజులూ మెడ నొప్పి కూడా గుర్తు రాలేదు.

ఒక మధ్యాహ్నం కార్యదర్శి గారు ఆ ఫోటో పెద్ద సైజుది కావాలని అడిగాడు, అచ్చు వేయించడానికట. అప్పుడావిడ లిఫ్టులతను పెట్టిన ఎనిమిదో మార్పు చేస్తూ తల ప్రాణం తోకకొచ్చి ఉంది. ఎక్కడ వేస్తారు, కింద ఏం రాస్తారు అని అడగలేదు. పంపించేసి మళ్లీ లిఫ్టుల్లో పడింది.

వారం పదిరోజుల తర్వాత డ్రైవరు గారి కూతురు మెట్లెక్కి వచ్చింది. వర్క్‌షాపు నుంచి మధ్యలో వచ్చేసినట్టుంది. భుజం మీద దారపు ముక్కలు అలాగే ఉన్నాయి. కూర్చోమంటే కూర్చోలేదు.

"అక్కా, మా నాన్నకి ఎవరూ లేరా?" అంది.

సైటమ్మకి ఏమీ అర్థం కాలేదు. కూతురు ఫోను తీసి చూపించింది. సిటీ బస్సు వెనక భాగం. దాని నిండా డ్రైవరు గారి మొహం. కింద ఎర్రటి అక్షరాలు: "ఈయనకు ఎవరూ లేరు. మీరున్నారా?"

"పొద్దున బస్టాపులో నించున్నా. బస్సు వచ్చి ఆగింది, జనాన్ని ఎక్కించుకుంది, కదిలింది. కదిలాక వెనకవైపు మా నాన్న కనపడ్డాడు. నాతోపాటు పనిచేసేవాళ్లూ అక్కడే ఉన్నారు. ఒకావిడ, 'అదేంటే, మీ నాన్నని నువ్వు చూసుకోవా?' అంది. నేను ఏం చెప్పాలి అక్కా?"

"ఆ మాట నేను రాయలేదమ్మా."

"ఎవరు రాస్తే ఏంటి. నా పెళ్లి కూడా వద్దనుకున్నా. రోజూ పొద్దున ఆయన ఒళ్లు కడిగి, గుడ్డలు మార్చి, ముద్దలు పెట్టి పనికెళతా. సాయంత్రం వచ్చి మళ్లీ అదే. సెలవనేది నాకు లేదు. నన్ను ఎవరూ మెచ్చుకోనక్కర్లేదు. కానీ ఊరంతా తిరిగే బస్సు మీద నేను లేనని రాస్తారా?"

ఆమె ఏడవలేదు. గొంతు కూడా పెంచలేదు. అదే సైటమ్మకి ఎక్కువ కష్టంగా తోచింది. తిట్టినా బాగుండేది. క్షమించమని అడిగింది. ఇవాళే తీయిస్తానంది. కూతురు తలాడించి, "నాన్నకి ఇంకా చెప్పలేదు. చెప్పే ధైర్యం లేదు" అని దిగిపోయింది.

సాయంత్రం సంఘం ఆఫీసుకి వెళ్లింది. ఆఫీసంటే గాలి పరుపులు దొంతరలుగా పెట్టిన ఒక గది, మధ్యలో ఒక బల్ల. నర్సమ్మ ఒక మూల చక్రాల కుర్చీకి నూనె వేస్తోంది. కార్యదర్శి గారు సంగతంతా విన్నాడు. తర్వాత నెమ్మదిగా, "నేను ఆయన ఒక్కణ్ణీ అనుకుని రాయలేదమ్మా. అలాంటివాళ్లందరి తరఫునా రాశాను" అన్నాడు.

"మొహం ఆయనొక్కడిదే కదండీ."

"మామూలుగా రాస్తే ఎవరు ఆగి చూస్తారు? నువ్వేగా చెప్పావు, చదివేవాడు కళ్లు మూసి తెరిచేలోగా పట్టుకోవాలని."

అది నిజంగా ఆవిడ చెప్పిన మాటే. "పట్టుకోమన్నాను. అబద్ధం చెప్పి పట్టుకోమనలేదు" అంది.

"ఆ బొమ్మ తీసేస్తే ఫోన్లు ఆగిపోతాయి. పరుపుల కోసం ఎదురుచూసేవాళ్లకి ఏం చెప్పమంటావు?"

"నాకు తెలీదండీ. కానీ తీసేస్తున్నాను."

అక్కడే నించుని తన ఫోన్లోంచే మొదటి పేజీ మీద ఫోటో తీసేసింది. ఆ చోటు తెల్లగా ఖాళీగా మిగిలింది. కార్యదర్శి గారు లేచి తువాలు భుజాన వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. నర్సమ్మ నూనె డబ్బా మూతపెట్టి, "వస్తాడులే. మంచివాళ్లకి కోపమొస్తే ఎక్కువసేపు ఎక్కడికీ పోలేరు" అంది. బస్సుల మీదవి మాత్రం ఒప్పందం గడువు దాకా పీకడం కుదరదని ప్రకటనల కంపెనీవాళ్లు అన్నారట. మర్నాడు ఎవరితో చెప్పాడో ఏమోగానీ, కార్యదర్శి గారే మనిషిని పెట్టి ఆ ఎర్ర అక్షరాల మీద తెల్ల కాగితం అంటించే ఏర్పాటు చేశాడు. మొహం మాత్రం అలాగే తిరిగింది.

రెండు మూడు రోజులాగి సైటమ్మ నర్సమ్మని తోడు తీసుకుని డ్రైవరు గారి ఇంటికెళ్లింది. గుమ్మంలోనే ఆయన పాత కండక్టరు ఎదురయ్యాడు. లోపల్నుంచి వస్తున్నాడు, మొహంలో సంబరం. అంతా చెప్పేశానన్నాడు, డిపోలో అందరూ చూశారని, డ్రైవరన్న ఫేమస్సయిపోయాడని. కూతురు గదిలో గోడకి ఆనుకుని, ఏ క్షణాన ఏమవుతుందో అన్నట్టు నిలబడి ఉంది.

డ్రైవరు గారు మంచం మీంచి సైటమ్మని ఎడమ చేత్తో దగ్గరికి రమ్మన్నాడు. ఆవిడ వంగింది. క్షమాపణ నోటిదాకా వచ్చింది. ఆయన కష్టపడి, మాటకి మాటకి మధ్య ఆగి, "ఏ... రూటు?" అన్నాడు.

"ఏంటండీ?"

"బొమ్మ... ఏ రూటు బస్సు?"

కూతురు రూటు నంబరు చెప్పింది. ఆయన మొహం చిట్లించాడు. "దరిద్రపు రూటు" అన్నాడు ముద్దగా. "అన్నీ గుంటలే."

నర్సమ్మ ముందు నవ్వింది. తర్వాత కండక్టరు. కూతురు నవ్వబోయి, అప్పటిదాకా ఆపుకున్న ఏడుపంతా ఒక్కసారి ఏడ్చింది. ఆయనకి ఆ ఏడుపెందుకో అర్థం కాలేదు. కండక్టరు ఫోటో చెప్పాడుగానీ కింద రాసిన మాట చెప్పలేదు. చెప్పమని ఆయన పట్టుబట్టాక కూతురే చెప్పింది. విని ఆయన ఎడమ చెయ్యెత్తి కూతుర్ని చూపిస్తూ సైటమ్మని అడిగాడు, "మరి... ఇదెవరు?"

కాసేపటికి ఆయన నిద్రలోకి జారుకున్నాడు.

వంటింట్లో టీ పెడుతూ కూతురు కాస్త తేరుకుంది. సైటమ్మ గ్యాస్ పొయ్యి పక్కన నించుని, "మీ నాన్నగారు పడిపోయినప్పుడు సంఘం సంగతి నీకెలా తెలిసిందమ్మా?" అని అడిగింది.

"ఎక్కడ తెలిసింది అక్కా. నర్సమ్మగారు ఈ వీధిలో ఇంకెవరింటికో వస్తే తెలిసింది. అంతకుముందు ఫోన్లో వెతికీ వెతికీ విసిగిపోయా."

"ఏమని వెతికావు?"

"సేవా సంఘం అని ఎవరు కొడతారు చెప్పండి. 'నడుము దగ్గర చర్మం ఎర్రబడితే ఏం చేయాలి' అని కొట్టా. 'బరువు మనిషిని ఒక్కరే ఎలా పక్కకి తిప్పాలి' అని కొట్టా. ఒకసారి..." ఆమె టీ వడకడుతూ ఆగింది. "ఒకసారి 'నాన్న మీద కోపం వస్తోంది' అని కూడా కొట్టా. ఏమీ రాలేదు. ఏవో మంచాల ప్రకటనలొచ్చాయి."

సైటమ్మ తనకిచ్చిన టీ గ్లాసు గట్టు మీద పెట్టేసింది. దుకాణానికొచ్చినవాళ్లు మొదట ఏమడుగుతారని ఏళ్ల తరబడి అందర్నీ నిలదీసిన మనిషి, ఈ సంఘానికి పేజీ కట్టేటప్పుడు ఆ ప్రశ్న సాయం ఇచ్చేవాళ్ల వైపు నుంచే వేసుకుంది. అడిగేవాళ్ల వైపు నుంచి వేసుకోలేదు. "ఆ మాటలు నాకు మళ్లీ ఒకసారి చెబుతావా? నువ్వు ఎలా కొట్టావో అలాగే" అంది.

అలా రెండో పేజీ మొదలైంది. ఈసారి మొహాలు లేవు. కూతురు కొన్ని ఆదివారాలు మంచం పక్కన నించుని, మనిషి కింద దుప్పటి ఎలా మార్చాలో, ఒక్కరే ఉన్నప్పుడు మోకాలు మడిచి భుజం పట్టి ఎలా తిప్పాలో చేసి చూపించింది. సైటమ్మ ఆమె చేతులు మాత్రమే ఫోటోలు తీసింది. ఒక్కో ఫోటో తండ్రికీ కూతురికీ చూపించి, ఉంచమంటే ఉంచింది, వద్దంటే తీసేసింది. డ్రైవరు గారు వద్దన్న ఫోటోలు చాలానే ఉన్నాయి. ఆయనకి తన లుంగీ రంగు నచ్చలేదు. ఒక్కో బొమ్మ కింద నర్సమ్మ చెప్పిన జాగ్రత్త రాసింది. "ఇంట్లోవాళ్ల మీద కోపం వస్తోందా? అందరికీ వస్తుంది. ఫోన్ చేయండి" అన్న మాట కూతురు చెబితే పెట్టింది.

పేజీ పనిచేసింది. అయితే కార్యదర్శి గారు కోరుకున్న తీరులో కాదు. సాయం చేస్తామనే ఫోన్లు, ఆయన అన్నట్టే, బాగా తగ్గిపోయాయి. సాయం కావాలనే ఫోన్లు వరదలా వచ్చిపడ్డాయి. పక్క ఊళ్ల నుంచి, వాళ్లెప్పుడూ పేరైనా వినని చోట్ల నుంచి. నర్సమ్మ మోకాళ్లకి పట్టీలు కట్టుకుని తిరిగినా సరిపోలేదు. ఒకరోజు ఆఫీసు బల్ల మీద తల ఆనించి, "నీ పేజీ బాగానే ఉంది తల్లీ. మేమే చాలడం లేదు" అంది. గాలి పరుపుల దొంతర తరిగి గోడ బయటపడింది. ఉన్నవాటినే విడతలవారీగా ఇచ్చి తెచ్చుకోవాల్సొచ్చింది. రాలేమని చెప్పాల్సిన ఇళ్లకి ఆ మాట చెప్పే పని కార్యదర్శి గారి మీద పడింది. ఆయన చొక్కా మడతలు నలగడం ఆ రోజుల్లోనే చూశారు అందరూ.

సైటమ్మకి ఆయన మీద కోపం మిగల్లేదు. ఆయన బల్ల ఎదురుగా కూర్చుని, "మీ ఆవిడగారికి పక్క మీరే మార్చేవారా?" అని అడిగింది. ఎందుకడిగిందో ఆవిడకే సరిగ్గా తెలీదు.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మార్చడం రాలేదమ్మా నాకు" అన్నాడు. "పెద్ద ఆఫీసరుని. ఫైళ్లు తిప్పడం వచ్చు, మనిషిని తిప్పడం రాదు. పుండు పడింది. అది లోపలికి పోయింది. నొప్పి అని ఆవిడ ఎప్పుడూ అనలేదు. వాసన వచ్చాక తెలిసింది నాకు. ఎవరో ఒకరు వచ్చి ఇలా తిప్పండి అని చెప్పుంటే..."

"ఇది రాద్దామా? మీకిష్టమైతేనే."

"నా ఫోటో వద్దు."

"వద్దు. ఆవిడదీ వద్దు."

ఆయన కొన్నాళ్లు ఏ సంగతీ చెప్పలేదు. తర్వాత ఒక పొద్దున ఇనప మెట్లెక్కి వచ్చి, సైటమ్మ పక్కన కుర్చీ వేసుకుని, ఆ నాలుగు మాటలూ తనే చెప్పాడు. ఆవిడ టైపు చేసింది. వరుసగా పేర్చుకున్న మాటలు కావవి. ఒకటి రెండుచోట్ల వాక్యం సరిగ్గా అతకలేదు. ఆవిడ సరిచేయలేదు. సాయం చేయాలనుకునేవాళ్ల పేజీలో అదొక్కటే పెట్టారు, కింద ఆయన సంతకంతో.

దాంతో సంఘం రాత మారిపోలేదు. ఆ ఫోటో తెచ్చినంతమందిని ఈ మాటలు తేలేదు. కాకపోతే వచ్చినవాళ్లు నిలిచారు. ఫోటో చూసి పేర్లిచ్చినవాళ్లలో చాలామంది ఒక ఆదివారం వచ్చి, రెండో ఆదివారం మాయమయ్యారు. ఇది చదివి వచ్చినవాళ్లలో ఎక్కువమంది తమ ఇంట్లో ఎవరినో ఇలాగే చూసుకుని పోగొట్టుకున్నవాళ్లు. వాళ్లకి ఏం చేయాలో ఎవరూ చెప్పక్కర్లేదు. పనిలోకి దిగిపోయారు. సంఘం పెద్దదీ కాలేదు, మూతా పడలేదు. ఈదుతూనే ఉంది.

డ్రైవరు గారు ఆ తర్వాతి వానాకాలంలో జ్వరం వచ్చి పోయారు. కూతురు కొన్నాళ్లు ఎవరికీ కనపడలేదు. తర్వాత తనంతట తనే వచ్చి, వర్క్‌షాపు సెలవు రోజున సంఘం ఫోను నేనెత్తుతానంది. అవతలివాళ్లు ఏడుస్తుంటే మధ్యలో మాట్లాడదు. నర్సమ్మ దగ్గర లేని ఆ ఓపిక ఆమెకి ఉంది.

ఆమెకి రావడం కుదరనప్పుడు సైటమ్మ వెళ్లి కూర్చునేది. తన గదిలో పనులు ఎక్కడివక్కడే ఉండేవి. కొత్తగా ఒక కళ్లజోళ్ల దుకాణం వాళ్లు అక్షరాలు మెరవాలంటున్నారు. మెడ నొప్పికి డాక్టరు కుర్చీ మార్చమన్నాడు, ఆవిడ ఇంకా మార్చలేదు.

అలాంటి ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. ఒకాయన. పేరు చెప్పలేదు. తల్లి మంచం పక్కనే నించున్నానని, ఫోను స్పీకర్లో పెట్టి మీ పేజీయే చూస్తున్నానని, మూడో బొమ్మ దగ్గర ఆగిపోయానని చెప్పాడు.

"ముందు మోకాలు మడిచారా?" అంది సైటమ్మ.

"మడిచాను."

"ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి నడుం కింద పెట్టండి. తిప్పుతున్నానని అమ్మగారికి చెప్పండి. ఊరికే తిప్పకండి, భయపడతారు."

అవతల ఆయన, "అమ్మా, ఇటు తిప్పుతున్నా, పట్టుకున్నాలే" అనడం వినపడింది. మంచం కిర్రుమంది. ఒక ముసలి గొంతు చిన్నగా మూలిగింది. తర్వాత చాలాసేపు ఏమీ వినపడలేదు. సైటమ్మ ఫోను చెవికి ఆనించుకుని అలాగే కూర్చుంది.

"అయిందండీ" అన్నాడాయన చివరికి. ఆయాసపడుతున్నాడు.

"వీపు వెనక దిండు పెట్టండి. పెట్టారా? ఇప్పుడు మీరు కూడా కాసేపు కూర్చోండి."

"పేజీలో ఆ మాట లేదండీ."

"లేదా? రాస్తాను" అంది సైటమ్మ.